వెయ్యి కిటికీల పట్టణములో దాచబడిన సువార్త



పరిశుద్ధ స్థలముల యాత్ర అనగానే మన సంఘములలో యెరూషలేము, బేత్లెహేము, గలిలయ సముద్రము గుర్తుకు వస్తాయి. కాస్త స్తోమతు ఉన్నవారు ఎఫెసు, కొరింథు కూడా చూచి వస్తున్నారు. అయితే అపొస్తలుడైన పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 15వ అధ్యాయము 19వ వచనములో తన సువార్త పరిచర్య ఇల్లూరికు సీమ దాకా సాగినదని తెలియజేస్తాడు. మనము ఆ మాట చదివి ముందుకు పోతామే గాని, ఆ ఇల్లూరికు ఎక్కడున్నదని ఆగి అడిగేవారు తక్కువ. అడ్రియాటిక్ సముద్రానికి తూర్పు ఒడ్డున, గ్రీసుకు ఉత్తరాన ఉన్న కొండసీమ అది. తీతు వెళ్ళిన దల్మతియ కూడా ఆ ఒడ్డుననే ఉన్నది. ఆ సీమలో దక్షిణ భాగము ఈనాడు అల్బేనియా అనే చిన్న దేశము.

ఆ దేశములో ఓసుమ్ నది ఒడ్డున, కొండవాలు మీద, బెరాత్ అనే పట్టణమున్నది. ఆటోమన్ తురుష్కుల ఏలుబడిలో కట్టిన ఇండ్లు ఈనాటికీ చెక్కుచెదరక నిలిచియుండుట వలన 2008లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చింది. అక్కడికి మేము వెళ్ళినది ఇండ్లను చూచుటకు మాత్రమే కాదు. ఆ పట్టణపు విశ్వాసులు ఒక సువార్త గ్రంథమును శతాబ్దాల తరబడి దాచి కాపాడారని చదివియున్నాము. ఆ గ్రంథము ఉన్న ఊరు ఎటువంటిదో, అక్కడ ఇప్పుడు ఎవరు నివసిస్తున్నారో కన్నులారా చూడాలని కోరిక కలిగింది.

మొదట ఒక మాట స్పష్టము చేయాలి. బెరాత్ వేరు, బెరయ వేరు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో లేఖనములను ప్రతిదినము పరిశోధించిన ఘనులైన బెరయ వారి పట్టణము గ్రీసు దేశములో ఉన్నది. దాని పేరు ఇప్పుడు వేరియా. బెరాత్ పేరు స్లావు భాషలో తెల్లని పట్టణము అనే అర్థమిచ్చే బెలిగ్రాద్ అనే మాటనుండి వచ్చింది. అలాగే అల్బేనియాలో అపొల్లోనియ అనే పురాతన పట్టణపు శిథిలాలు చూపిస్తారు. పౌలు దాటి వెళ్ళిన అపొల్లోనియ అది కాదు, అది మాసిదోనియలోనిది. పేరు కలిసిందని వచనము అంటించివేయుట మన యాత్రికులకు ఒక అలవాటు. బెరాత్‌కు పౌలు వచ్చినట్లు బైబిలులో ఎక్కడా లేదు. ఆ సీమకు సువార్త వచ్చింది, నిలిచింది. అంతవరకు చాలు.

చేరుట ఎలా?

హైదరాబాదునుండి అల్బేనియాకు నేరుగా విమానము లేదు. ఇస్తాంబుల్ వంటి చోట మారి రాజధాని తిరానా చేరుకోవాలి. అక్కడి విమానాశ్రయపు పేరు చూడగానే మన ప్రాణము లేచివస్తుంది. అది మదర్ తెరెసా విమానాశ్రయము! మన కలకత్తా వీధులలో దిక్కులేనివారిని ఎత్తుకొన్న ఆ తల్లి పుట్టుకతో అల్బేనియను. 1910లో ఇప్పటి ఉత్తర మాసిదోనియలోని స్కోప్యె పట్టణములో జన్మించింది. ఆమె మన దేశస్థురాలిగా జీవించి, మన దేశములోనే కన్ను మూసింది. ఇండియానుండి వచ్చామని చెబితే అక్కడి ముసలివారు ఆమె పేరే ఎత్తుతారు.

తిరానానుండి బెరాత్‌కు బస్సులో రెండు రెండున్నర గంటల ప్రయాణము. బస్టాండు ఊరికి బయట ఉన్నది, అక్కడినుండి సిటీ బస్సెక్కి ఊరి మధ్యకు రావాలి. దారి పొడవునా ఒలీవ తోటలు, ద్రాక్ష తీగెలు, అంజూరపు చెట్లు. బైబిలులో చదివి ఊహించుకొన్న చెట్లన్నీ మన జామ, సపోటాల వలె ఇండ్ల ముందు కాస్తుంటే చూచుటకు ఎంతో సంతోషముగా ఉన్నది. భారతీయులకు వీసా అవసరము గనుక ప్రయాణమునకు చాలా ముందుగానే దాని సంగతి చూచుకోవాలి.

కొండమీద కిటికీలు

ఊరు మూడు పేటలు. కొండ శిఖరము మీద కోట, దాని పేరే కల. కోట కింద వాలులో మంగలెమ్ పేట, అది పూర్వము ముస్లిములది. నదికి ఆవలి ఒడ్డున గోరిత్స పేట, అది క్రైస్తవులది. గోరిత్స వైపు నిలబడి మంగలెమ్‌ను చూస్తే, మెట్టు మీద మెట్టుగా ఇండ్లు, ప్రతి ఇంటికీ వరుసగా పెద్ద పెద్ద కిటికీలు. సాయంకాలపు ఎండ పడినప్పుడు ఆ అద్దాలన్నీ ఒక్కసారిగా మెరుస్తాయి. అందుకే దానిని వెయ్యి కిటికీల పట్టణమంటారు. లెక్కపెట్టిన వారెవరూ మాకు కనబడలేదు!

ఆ ఇండ్ల కట్టుబడి మన పల్లెవారికి చప్పున అర్థమవుతుంది. కింది అంతస్తు రాతి గోడలు, కిటికీలు దాదాపు ఉండవు. అక్కడ నూనె, ధాన్యము, పశువుల మేత ఉంచేవారు. పై అంతస్తు కర్రతో కట్టి సున్నము పూసి, వీధి మీదికి కొంచెము ముందుకు చాచి ఉంటుంది. నివాసమంతా పైనే. మేడమీద మన వసారా వంటి తెరపి చావడి ఉంటుంది, వేసవిలో అక్కడే పని, అక్కడే నిద్ర. అతిథుల గది ఇంటిలో అన్నిటికంటె మంచి గది. మంగలెమ్‌కు ఎగువన పద్దెనిమిదవ శతాబ్దపు ఇంటిలో ఒక జానపద సంగ్రహాలయము పెట్టారు. మగ్గము, నూనె గానుగ, వంట పాత్రలు, పెండ్లి బట్టలు అన్నీ ఉన్నచోటనే ఉంచారు. స్త్రీలు దానిని తప్పక చూడాలి. పురుషులు కూర్చుండే గదిలోకి పైనుండి చూచుటకు స్త్రీలకు జాలీ తెర వెనుక చోటు ఉండేది. ఆ తెర వెనుకనుండి ఎంత చూచారో, ఎంత విన్నారో, ఎన్ని మాటలు లోలోపల మింగుకొన్నారో అని మా స్త్రీలు చాలాసేపు మాట్లాడుకొన్నారు.

ఊరిలో రాజు మసీదు, సీసపు గుమ్మటాల మసీదు, సూఫీల మఠము ఉన్నాయి. మఠములోని చెక్క పైకప్పు పనితనము చూడదగినది. లోనికి పోవునప్పుడు చెప్పులు విడిచి, స్త్రీలు తల కప్పుకొంటే చాలు.

మంగలెమ్, గోరిత్సలను కలుపుతూ ఓసుమ్ నదిమీద రాతి వంతెన ఉన్నది. పొడవు 129 మీటర్లు. 1780లో ఆ ప్రాంతపు పాలకుడు అహ్మద్ కుర్ట్ పాషా దానిని మొదట కట్టించాడు. యాత్రికులందరూ ఆ వంతెన మీద ఫొటోలు తీసుకొంటారు. మేము మాత్రము అక్కడ నిలబడి కొస్మా అనే బోధకుని తలంచుకొన్నాము. ఆయన గ్రీకు దేశస్థుడు. గ్రీసు, అల్బేనియా కొండ గ్రామాలన్నీ కాలినడకన తిరిగి, ఆరుబయట ప్రజలను కూర్చి వాక్యము చెప్పేవాడు. పోయిన ప్రతి ఊరిలో పిల్లలకు బడి పెట్టించుటకు పాటుపడేవాడు. పెద్దలతో చందాలు వేయించి, ఉపాధ్యాయుని నిలిపి, తరువాతి ఊరికి పోయేవాడు. 1779 ఆగస్టు 24న ఇదే కుర్ట్ పాషా ఆజ్ఞ చొప్పున ఆయనను బెరాత్‌కు పడమటి దిక్కున ఒక పల్లెలో ఉరి తీశారు. మరుసటి సంవత్సరము పాషా వంతెన కట్టించాడు. వంతెన మీద ఇప్పుడు పాషా పేరు చెబుతారు. కొస్మా పేరు పుస్తకము చదివినవారే చెప్పాలి. పల్లెలలో బడి, ప్రార్థనశాల ఒకటిగా నడిపిన తొలితరపు సేవకులను ఎరిగిన మన సంఘస్థులకు ఇటువంటి మనిషిని వేరుగా పరిచయము చేయనక్కరలేదు.

కోటలో

కోటకు ఎక్కే దారి నున్నని రాళ్ళు పరచినది, బాగా నిటారు. మోకాళ్ళు నొప్పులున్నవారు టాక్సీలో ఎక్కి నడిచి దిగుట మంచిది. వాన పడితే ఆ రాళ్ళు సబ్బు పూసినట్లు జారుతాయి గనుక హవాయి చెప్పులతో పోరాదు. కోట గోడల పునాదులు క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్దము నాటివి. ఇప్పుడు కనబడే కట్టడము ఎక్కువ భాగము పదమూడవ శతాబ్దానిది. 1417లో ఆటోమన్లు దానిని పట్టుకొన్నారు. అల్బేనియనుల వీరుడు స్కందర్‌బెగ్ 1455లో విడిపించబోయి ఓడిపోయాడు.

ఈ కోటకు ఒక ప్రత్యేకత ఉన్నది. మన గోలకొండ, కొండపల్లి కోటలవలె ఇది ఖాళీగా లేదు. లోపల ఇప్పటికీ కుటుంబాలు కాపురముంటున్నాయి. గోడలమీద ద్రాక్ష పందిళ్ళు, వాకిట ఆరవేసిన బట్టలు, లేసు దుప్పట్లు అల్లి అమ్ముకొనే అవ్వలు. ఈ ఇండ్ల మధ్య చర్చిలు. ఆటోమన్ల కాలములో కోటలోపల ఎక్కువగా క్రైస్తవులే నివసించారు, ఇరవైకి పైగా చర్చిలుండేవని చెబుతారు. ఇప్పుడు మిగిలినవి కొన్నే. వాలు అంచున పరిశుద్ధ త్రిత్వ చర్చి ఉన్నది. ఎర్ర ఇటుక, తెల్ల రాయి పొరలు పొరలుగా కట్టిన చిన్న మందిరము. దాని వెనుక లోయ, నది, దూరాన 2,400 మీటర్ల పైచిలుకు ఎత్తున్న తొమోర్ పర్వతము. పరిశుద్ధ మరియ పేరిట ఉన్న వ్లహెర్న చర్చి ఇంకా చిన్నది. దాని గోడలమీది చిత్రాలు 1578లో నికొల్ల అనే చిత్రకారుడు వేసినవి.

నికొల్ల తండ్రి ఒనుఫ్రి. పదహారవ శతాబ్దములో ఆ దేశమంతటిలో పేరొందిన చిత్రకారుడు. ఆయన వాడిన ఎరుపు రంగుకు ఆయన పేరే పెట్టారు. కోట మధ్యలో 1797లో కట్టిన కథెడ్రల్ ఇప్పుడు ఒనుఫ్రి సంగ్రహాలయము. టికెట్టు కొని లోనికి పోవాలి. బలిపీఠము ముందు నిలిచే పటముల తెర అంతా కర్రచెక్కడము, తీగెలు, పక్షులు, పండ్లు, బంగారు పూత. ఫొటోలు తీయనివ్వరు.

పటముల విషయము మన సంఘములకు మింగుడుపడదు. మనము పటములకు మ్రొక్కము, ఆ విషయములో మాకు సందేహము లేదు. అయితే అక్కడ నిలబడినప్పుడు వేరొక తలంపు కలిగింది. అక్షరము రాని గొఱ్ఱెల కాపరికి, అచ్చు యంత్రము లేని కాలములో, సొంత భాషలో బైబిలు లేని దేశములో, లాజరు సమాధిలోనుండి వచ్చుట ఆ గోడమీదనే కనబడేది. అల్బేనియా భాషలో క్రొత్త నిబంధన మొదటిసారి పూర్తిగా అచ్చయినది 1827లో. ఎల్బసాన్ పట్టణస్థుడు కొస్తన్‌దిన్ క్రిస్తొఫొరిది తరువాత బైబిలు సొసైటీ కొరకు దానిని మరల అనువదించాడు. 1872లో ఉత్తరపు యాసలో, 1879లో దక్షిణపు యాసలో. అచ్చు పుస్తకము రాకమునుపు ఆ ప్రజలకు గోడలే పుస్తకాలు.

ఇంకొక సంగతి మా మనస్సును కలచివేసింది. ఆ కథెడ్రల్‌లో ఇప్పుడు మ్యూజియము టికెట్టు ఉన్నది, ఆదివారపు గంట లేదు. అద్దాల పెట్టెలలో ప్రభువు రాత్రి భోజనపు పాత్రలు ఉన్నాయి. వాటి కింద కార్డు, దానిమీద అవి ఏ శతాబ్దానివో.

ఊదారంగు గ్రంథము

ఇక ఆ గ్రంథము సంగతి. అది ఆరవ శతాబ్దానిది. నున్నగా చేసిన తోలు పత్రములకు ఊదారంగు వేసి, దానిమీద వెండి సిరాతో గ్రీకు భాషలో సువార్తను వ్రాశారు. 190 పత్రములు మిగిలియున్నాయి. ఊదారంగు ఆ దినములలో ఎంత వెలగలదో లూదియ కథ చదివినవారికి తెలుసు. చక్రవర్తుల బట్టలకు వాడే రంగును వాక్యమునకు వాడారు.

అందులో ఉన్నది మత్తయి, మార్కు సువార్తలు మాత్రమే. అవి కూడా పూర్తిగా లేవు. మత్తయి మొదటి పత్రములు పోయినవి గనుక గ్రంథము ఇప్పుడు ఆరవ అధ్యాయములో, ధర్మము రహస్యముగా చేయమని ప్రభువు చెప్పే చోట మొదలవుతుంది. దాచబడుటకే పుట్టినట్లున్న గ్రంథము అక్కడ మొదలగుట మాకు ఆశ్చర్యము కలిగించింది. మార్కు సువార్త 14వ అధ్యాయములో, ప్రధాన యాజకుడు యేసును నీవు క్రీస్తువా అని అడిగే చోట ఆగిపోతుంది. ఆయన ఇచ్చిన జవాబు నుండి మిగిలిన పుటలు లేవు. సిలువ, పునరుత్థానము మత్తయిలో ఉన్నాయి గనుక గ్రంథములో సువార్త ఉన్నది.

పందొమ్మిదవ శతాబ్దములో బెరాత్ బిషప్పు అంతిమొస్ దానిని గూర్చి వ్రాసినప్పుడు బయటి పండితులకు తెలిసింది. తరువాత ఫ్రాన్సునుండి బతిఫోల్ అనే పండితుడు వచ్చి పరిశీలించి ప్రచురించాడు. పేరు బయటికి పోతే అపాయము కూడా వస్తుంది. యుద్ధములు వచ్చినప్పుడెల్లా సంఘ పెద్దలు దానిని కోటలో ఒక చోటనుండి మరియొక చోటికి మార్చి దాచారట. రెండవ ప్రపంచ యుద్ధములో జర్మను సైనికులు వచ్చి అడిగినప్పుడు, అది ఎక్కడున్నదో ఎరిగినవారు నోరు విప్పలేదని బెరాత్‌లో ఇప్పటికీ చెప్పుకొంటారు.

యుద్ధము తరువాత ఎన్వర్ హోజా నాయకత్వములో కమ్యూనిస్టు ప్రభుత్వము వచ్చింది. 1967లో దేశములోని చర్చిలన్నీ, మసీదులన్నీ మూసివేశారు. తమది ప్రపంచములో మొదటి నాస్తిక రాజ్యమని ప్రకటించుకొన్నారు. రెండు వేలకు పైగా ప్రార్థన స్థలములు గోదాములుగా, ఆటస్థలాలుగా మారాయి, లేదా నేలమట్టమయ్యాయి. బైబిలు ఇంట్లో ఉంటే జైలు. ష్త్యెఫెన్ కుర్తి అనే కాథలిక్ యాజకుడు ఒక బిడ్డకు రహస్యముగా బాప్తిస్మమిచ్చినందుకు 1971లో ఆయనను కాల్చి చంపారు. బెరాత్ చర్చిలు కూలకుండా మిగులుటకు ఒక కారణమున్నది. 1961లో ఇదే ప్రభుత్వము ఆ ఊరిని మ్యూజియము పట్టణముగా ప్రకటించియుండెను. ఆరాధన పోయింది, గోడలు మిగిలాయి.

ఆ నిషేధము మొదలైన మరుసటి సంవత్సరము, 1968లో, దాచిన గ్రంథము బయటపడింది. దానితోకూడ తొమ్మిదవ శతాబ్దపు మరియొక సువార్త గ్రంథము కూడా దొరికింది. అప్పుడేమి జరిగిందో చూడండి. బైబిలు చదివినవానిని జైలులో వేస్తున్న ప్రభుత్వమే ఈ సువార్తలను చైనాకు పంపి, శిథిలమైన పత్రములను బాగుచేయించి, జాగ్రత్తగా తెచ్చి భద్రపరచింది! వారి దృష్టిలో అది పాత వస్తువు. 2005లో యునెస్కో దానిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. ఇప్పుడది బెరాత్‌లో లేదు, తిరానాలోని జాతీయ పత్రాగారములో ఉన్నది. బెరాత్‌కు పోయి దాని కొరకు వెదకేవారు నిరాశపడరాదని ముందుగానే చెబుతున్నాము.

ఆ కాలపు గుర్తు ఇంకొకటి ఊరికి ఎదురుగా ష్పిరాగ్ కొండమీద కనబడుతుంది. 1968లో యువకులచేత కొండవాలులో రాళ్ళు పేర్పించి, సున్నము పూయించి, నాయకుని పేరు ఎన్వర్ అని బ్రహ్మాండమైన అక్షరాలలో వ్రాయించారు. ఇంగ్లీషు అక్షరాలు ఐదు. ప్రభుత్వము పడిపోయిన తరువాత చెరిపివేయుటకు ప్రయత్నించినా పూర్తిగా పోలేదు. 2012లో ఒక కళాకారుడు గ్రామస్థుల సహాయముతో మొదటి రెండక్షరాలను తారుమారు చేశాడు. ఎన్వర్ కాస్తా నెవర్ అయ్యింది, అనగా ఇంకెన్నడూ కాదు. రాజుల పేర్లు గతించుటను గూర్చి మేము ఎన్నో ప్రసంగాలు చేశాము గాని, కొండమీద ఐదక్షరాలలో చూచుట అదే మొదటిసారి.

ఎక్కడ బస చేయాలి?

పెద్ద హోటళ్ళు కింద నదీతీరపు వీధి దగ్గర ఉన్నాయి. లిఫ్టు, కారు నిలుపుకొనే చోటు కావలసినవారికి, పెద్దవారిని వెంటబెట్టుకొని వచ్చినవారికి అదే సుఖము. మంగలెమ్‌లో పాత ఇండ్లనే బసలుగా మార్చారు. చెక్క పైకప్పు, గోడలోకి కట్టిన అలమరాలు, చల్లని రాతి నేల. కాని వీధులు ఇరుకు, కారు రాదు. చక్రాల పెట్టెలు ఆ రాళ్ళమీద నడవవు, భుజాన వేసుకొనే సంచి తీసుకొని పోవాలి. గోరిత్సలో అద్దె కొంచెము తక్కువ, నెమ్మది ఎక్కువ, కిటికీ తెరిస్తే ఎదురుగా వెయ్యి కిటికీలు. గోరిత్స నిటారు కొండ నీడలో ఉన్నది గనుక చలికాలము ఎండ సోకదు. ఎండాకాలములో మాత్రము అదే దీవెన.

ఎవరైనా మమ్మును అడిగితే ఒక్క రాత్రి అయినా కోటలోపల ఒక కుటుంబముతో ఉండమని చెబుతాము. పగలు వచ్చిన బస్సులు సాయంత్రమునకు దిగిపోతాయి. ఆ తరువాత కోటలో కుక్కల అరుపు, పళ్ళెముల చప్పుడు, కిందినుండి మసీదు పిలుపు, అంతే.

మేము దిగిన ఇంటి యజమానురాలు డెబ్బది దాటిన తల్లి. లోపలికి రాగానే చిన్న పళ్ళెములో పాకము పట్టిన అంజూరపు కాయ, ఒక చెంచా, ఒక గ్లాసు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అది ఆ ఊరి మర్యాద. ఆమెకు ఇంగ్లీషు రాదు, పొరుగింటి కుఱ్ఱవాడు దుబాసీగా కూర్చున్నాడు. మేము పాదిరిగారమని తెలిసి, నిషేధపు దినములను గూర్చి చెప్పింది. ఈస్టరుకు ఆమె తల్లి రాత్రివేళ తలుపు గడియ వేసి గుడ్లకు ఎఱ్ఱ రంగు వేసేదట. పిల్లలు తిన్నాక పెంకులన్నీ ఏరి పొయ్యి బూడిదలో పూడ్చేదట. బడిలో ఉపాధ్యాయులు మరుసటి దినము పిల్లల వ్రేళ్ళు చూచేవారట, రంగు అంటినదేమో అని. మీకు ప్రార్థన ఎవరు నేర్పారని మేము అడిగాము. మాటలు ఎవరూ నేర్పలేదు, గుడ్డు ఎందుకు ఎఱ్ఱగా ఉన్నదో మాత్రము అమ్మ చెప్పింది, అన్నది.

ఆమె కుమారుడు ఇటలీలో, కుమార్తె గ్రీసులో ఉన్నారు. ఇది ఆ ఒక్క ఇంటి మాట కాదు. 1989లో అల్బేనియా జనాభా దాదాపు 32 లక్షలు, 2023 లెక్కల నాటికి 24 లక్షలకు పడిపోయింది. సరిహద్దులు తెరువగానే యౌవనస్థులు పని వెదకికొని పోయారు. కోటలో తాళము పడిన ఇండ్లు కనబడతాయి. చర్చి తాళము ఒక సంగతి, ఇంటి తాళము మరొక సంగతి. గల్ఫుకు, హైదరాబాదుకు బిడ్డలను పంపి ముసలివారు కాపలా ఉండే మన పల్లెలు మా కన్నులముందు మెదిలాయి. ఆ తల్లి రెండు గదులు యాత్రికులకిచ్చి, ఆ డబ్బుతో పైకప్పు పెంకులు మార్పించుకొంటున్నది. గదులకు మనుష్యులు వస్తే తాను కిందికి దిగిపోనక్కరలేదని, కోటలోనే కన్నుమూస్తానని చెప్పింది. అందుకే బస విషయములో మేము ఇంత పట్టుబట్టి చెబుతున్నాము. అద్దె ఎవరి చేతికి పోతున్నదో చూచుకొనుట యాత్రికుని ధర్మములో భాగమని మా అభిప్రాయము.

ఆ ఊరివారి అతిథి మర్యాదకు ఒక చరిత్ర కూడా ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధములో యూదులు పారిపోయి వచ్చినప్పుడు బెరాత్ కుటుంబాలు, ముస్లిములు, క్రైస్తవులు అనే భేదము లేక, వారిని తమ ఇండ్లలో దాచారు. శరణన్న వానిని అప్పగింపరాదనే కట్టుబాటును వారు బెసా అంటారు. యుద్ధము ముగిసేసరికి యూదుల సంఖ్య మునుపటికంటె పెరిగిన బహుకొద్ది ఐరోపా దేశాలలో అల్బేనియా ఒకటి. దీనిని గూర్చి సొలొమోను పేరిట ఒక చిన్న మ్యూజియమును 2018లో బెరాత్‌లో ఒక విశ్రాంత ఆచార్యుడు తన స్వంత ప్రయాసతో తెరిచాడు. పుస్తకము దాచిన ఇండ్లే మనుష్యులనూ దాచాయి.

మరికొన్ని సంగతులు

భోజనమునకు మనవారికి ఇబ్బంది లేదు, కారము మాత్రము ఉండదు. పలుచని పొరలలో ఆకుకూర, జున్ను పెట్టి కాల్చే బ్యురెక్ అన్నివేళలా దొరుకుతుంది. గొఱ్ఱెపిల్ల మాంసమును పెరుగులో వేసి పొయ్యిలో కాల్చే తవె కోసి మన నాలుకకు కొత్తగా, రుచిగా ఉన్నది. మర్యాదకు రాకి అనే సారాయి పోస్తారు. గుండెమీద చెయ్యి ఉంచి వద్దంటే నొచ్చుకోరు, కాఫీ తెస్తారు. అయితే తల ఊపుట విషయములో జాగ్రత్త! అక్కడి పెద్దవారు అవునన్నప్పుడు తల అడ్డముగా, కాదన్నప్పుడు నిలువుగా ఊపుతారు. మన తెలుగువారి అటూ ఇటూ ఊపుడు వారికి అవును గానే తోస్తుంది. మాలో ఒకరు ఆ విధముగా మూడు కప్పుల కాఫీ త్రాగవలసి వచ్చింది.

డబ్బు లెక్‌లలో. చిన్న బసలలో కార్డులు తీసుకోరు, రొక్కము దగ్గర ఉంచుకోవాలి. ఏప్రిల్, మే నెలలు, మరల సెప్టెంబరు, అక్టోబరు ప్రయాణమునకు అనుకూలము. జూలై, ఆగస్టులలో ఎండ మన కోస్తా ఎండకు తీసిపోదు.

ఆదివారము అక్కడ ఉండేటట్లయితే కింద కొత్త పట్టణములోని ఆర్థడాక్సు కథెడ్రల్‌లో ఆరాధన జరుగుతుంది. 1992లో బాధ్యత తీసుకొని, 2025 జనవరిలో మరణించువరకు ఆర్చిబిషప్పు అనస్తాసియొస్ ఆ దేశపు ఆర్థడాక్సు సంఘమును దాదాపు శూన్యమునుండి తిరిగి కట్టాడు. ప్రొటెస్టెంటు సంఘములు కూడా ఉన్నాయి. 1892లో గెరాసిమ్ కిరియాజి స్థాపించిన సువార్త సహోదర సహవాసము నిషేధము తరువాత మరల లేచింది. సంఖ్య చాలా కొద్ది. దేశములో సుమారు సగము మంది ముస్లిములు. పేట పేటల మధ్య సమాధానమున్నది, దానిని వారు గర్వముగా చెప్పుకొంటారు.

కోటలోని చిన్న చర్చిలు సాధారణముగా తాళము వేసి ఉంటాయి. సంగ్రహాలయములో అడిగితే తాళపుచెవి ఎవరి దగ్గర ఉన్నదో చెబుతారు. ఒక్కొక్కసారి ఆ మనిషి కాఫీ త్రాగుచుండవచ్చును, ఓపికపట్టాలి. వ్లహెర్న చర్చిలో దీపము ఉండదు, టార్చిలైటు తీసుకొని పొండి. తలుపు తగ్గు, తల వంచి లోనికి ప్రవేశించాలి. కన్నులు చీకటికి అలవాటుపడుటకు కొంత సేపు పడుతుంది, ఆ తరువాత గోడలమీద ముఖములు ఒక్కొక్కటిగా కనబడతాయి.